ప్రైవేటు పైలట్ శిక్షణ – దేశాంతర గుర్తింపు: మైలవరం ప్రాంత విద్యార్థి దృష్టితో ఒక వివరణ

వ్యాససంగ్రహం

ఒక దేశంలో పొందిన విమానచోదక శిక్షణను మరొక దేశపు లైసెన్సు వ్యవస్థలోకి తీసుకొనిపోవడం సాధ్యమే. అయితే వాడుకలో ‘లైసెన్సు మార్పిడి’ అనే ఒక్క మాటతో చెప్పుకొనే ఈ వ్యవహారంలో మూడు వేర్వేరు ప్రక్రియలు ఇమిడి ఉన్నాయి. వాటిని ఈ వ్యాసం చెల్లుబాటు, మార్పిడి, జమ అనే మూడు మాటలతో వేరుచేసి వివరిస్తుంది. అంతర్జాతీయ ఒడంబడికలు ఇచ్చిన హక్కు ఎంతవరకు, భారత, అమెరికా, యూరప్ వ్యవస్థలు గంటలను లెక్కించే తీరులో భేదం ఎక్కడ, దేశం దాటినా వెంట రాని అర్హతలు ఏవి అన్న అంశాలను చర్చిస్తుంది. ప్రైవేటు పైలట్ లైసెన్సు స్థాయిని ప్రధానంగా తీసుకొని, అవసరమైన చోట వాణిజ్య పైలట్ లైసెన్సును ప్రస్తావిస్తుంది.

కీలకపదాలు: పైలట్ లైసెన్సు, షికాగో ఒడంబడిక, డీజీసీఏ, చెల్లుబాటు, మార్పిడి, శిక్షణ జమ, లాగ్‌బుక్.

1. ఉపోద్ఘాతం

విజయవాడకు ఉత్తరాన, నూజివీడుకు పడమట ఉన్న మైలవరం మామిడి తోటల సీమ. 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో ఇది ఒక మండల కేంద్రం. ఇక్కడి కుటుంబాల్లో పిల్లల చదువుకు తోట కౌలు, కాపు మీద వచ్చే అడ్వాన్సు, భూమి తాకట్టు ఆధారాలు కావడం కొత్త సంగతి కాదు. ఇంజినీరింగు చదువుకు, అమెరికా ప్రయాణానికి అలవాటుపడిన ఈ ప్రాంతంలో పైలట్ శిక్షణ కూడా ఒక ఆశగా మారింది. ఇంజినీరింగు పట్టాకు లేని ఒక లక్షణం ఈ శిక్షణకు ఉంది. పట్టా ఒకసారి చేతికొస్తే కాలం దాని విలువను చెరపదు. పైలట్ శిక్షణలో గడచిన ప్రతి గంటకు తేదీ, విమానం, పక్కన ఉన్న బోధకుడు, ఆ బోధకుని అధికారం అన్నీ లెక్కకు వస్తాయి. ఒక దేశంలో డబ్బు కట్టి ఎగిరిన గంట మరొక దేశంలో సగమే చెల్లవచ్చు, కొన్ని సందర్భాల్లో అసలే చెల్లకపోవచ్చు.

అందువల్ల శిక్షణకు బయలుదేరే ముందే తెలుసుకోవలసిన విషయం ఇది. తిరిగి వచ్చాక తెలిసిన లోటును పూరించడానికి మళ్లీ విమానం అద్దె, మళ్లీ పరీక్షలు, మళ్లీ నెలల కాలం కావాలి. విద్యార్థులకు మార్గదర్శనం చేసే కళాశాల అధ్యాపకులకు ఈ వ్యవస్థ స్వరూపం తెలిసి ఉంటే ఆ నష్టాన్ని చాలావరకు ముందే నివారించవచ్చు.

2. చట్టపు పునాది: పారిస్ నుంచి షికాగో దాకా

పైలట్ అర్హతకు దేశాలమధ్య ఉమ్మడి కొలత ఉండాలన్న ఆలోచన విమానయానం బాల్యదశలోనే పుట్టింది. 1919 నాటి పారిస్ ఒడంబడికలో పైలట్ల ధ్రువపత్రాలకు కనీస అర్హతలు చెప్పే అనుబంధం ఉంది. భారతదేశం కూడా ఆ ఒడంబడికపై సంతకం చేసింది. 1929 ఫిబ్రవరిలో జె.ఆర్.డి. టాటా పొందిన ధ్రువపత్రాన్ని ఇచ్చింది ప్రభుత్వ శాఖ కాదు, ఏరో క్లబ్. క్లబ్బులు అంతర్జాతీయ సమాఖ్య పేరిట పత్రాలిచ్చే ఆ దశ క్రమంగా ముగిసి, లైసెన్సు రాజ్యాధికార విషయంగా స్థిరపడింది. భారతదేశంలో 1934 నాటి విమాన చట్టం, 1937 నాటి విమాన నియమాలు ఆ మార్పుకు రూపమిచ్చాయి. 1934 చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

నేటి వ్యవస్థకు మూలం 1944 డిసెంబరు 7న సంతకాలు జరిగిన షికాగో ఒడంబడిక. ఇందులో మూడు అధికరణాలు ఈ చర్చకు కీలకం.

మొదటిది 32వ అధికరణం. అంతర్జాతీయ ప్రయాణం చేసే విమానపు పైలట్‌కు, ఆ విమానం ఏ దేశంలో నమోదై ఉన్నదో ఆ దేశం ఇచ్చిన లైసెన్సుగాని, ఆ దేశం చెల్లుబాటు కల్పించిన లైసెన్సుగాని ఉండాలి. అంటే ఇక్కడ నిర్ణాయకమైనది పైలట్ పౌరసత్వం కాదు, విమానపు నమోదు. తోకపై ‘వీటీ’ గుర్తుతో మొదలయ్యే భారత విమానానికి భారత అధికారుల అంగీకారం, ‘ఎన్’ గుర్తుగల విమానానికి అమెరికా అధికారుల అంగీకారం కావాలి.

రెండవది 33వ అధికరణం. కనీస అంతర్జాతీయ ప్రమాణాలకు తగ్గకుండా ఇచ్చిన లైసెన్సును ఇతర సభ్యదేశాలు గుర్తించాలని ఇది చెబుతుంది. చాలామంది ఈ అధికరణాన్నే చదివి, ఒక దేశపు లైసెన్సు అన్ని దేశాల్లో చెల్లుతుందని భావిస్తారు. అయితే 32వ అధికరణంలోని రెండవ భాగం ఆ భావనకు గట్టి హద్దు గీస్తుంది. తన పౌరునికి మరొక దేశం ఇచ్చిన లైసెన్సును తన భూభాగం మీది ప్రయాణానికి గుర్తించకుండా ఉండే హక్కును ప్రతి దేశమూ తన వద్దే ఉంచుకొంది. మైలవరం యువకుడు అమెరికాలో లైసెన్సు సంపాదించి వస్తే, దానిని భారతదేశం యథాతథంగా ఒప్పుకోవాలన్న బాధ్యత ఒడంబడికలో లేదు. దాని మీద ఇక్కడి లైసెన్సు పొందడానికి దారి ఉంది. ఆ దారికి షరతులు పెట్టే అధికారం భారతదేశానిది.

మూడవది 40వ అధికరణం. అంతర్జాతీయ ప్రమాణానికి తక్కువైన లైసెన్సుపై 39వ అధికరణం ప్రకారం ఆ లోటును రాయాలి. అటువంటి లైసెన్సుతో ఇతర దేశపు అనుమతి లేకుండా అక్కడ ఎగరరాదు. అమెరికాలోని స్పోర్ట్ పైలట్ ధ్రువపత్రం, యూరప్‌లోని తేలికపాటి విమానాల లైసెన్సు ఈ కోవకు చెందినవి. ఖర్చు తక్కువని వాటిని ఎంచుకొన్నవారు దేశం దాటేటప్పుడు మొదటి గడపలోనే ఆగిపోతారు.

3. మూడు మాటలు: చెల్లుబాటు, మార్పిడి, జమ

‘చెల్లుబాటు’ అంటే పరదేశపు లైసెన్సును అలాగే ఉంచి, దానికి కొంతకాలం, కొన్ని పరిమితులతో ఇక్కడ విలువ కల్పించడం. భారత విమాన నియమాలలో 45వ నియమం ఈ అధికారాన్ని ఇస్తుంది. మూల లైసెన్సు గడువు తీరితే ఈ విలువ కూడా పోతుంది.

‘మార్పిడి’ అంటే పరదేశపు లైసెన్సును ఆధారంగా తీసుకొని, లోటుగా ఉన్న పరీక్షలూ గంటలూ పూర్తి చేయించి, ఈ దేశం తన సొంత లైసెన్సును ఇవ్వడం. ఒకసారి వచ్చాక అది స్వతంత్రంగా నిలుస్తుంది.

‘జమ’ అంటే లైసెన్సు ఇంకా రాని దశలో, మరొక దేశంలో ఎగిరిన గంటలను కొత్త దేశపు శిక్షణలో లెక్కకు తీసుకోవడం. ఈ మూడింటిలో అత్యంత బలహీనమైనది ఇదే. ఎందుకంటే లైసెన్సు వెనుక ఒక రాజ్యం పూచీ ఉంటుంది. పూర్తికాని శిక్షణ వెనుక ఒక బోధకుని సంతకం మాత్రమే ఉంటుంది.

అమెరికా నిబంధనలు ఈ భేదాన్ని స్పష్టంగా చూపుతాయి. సమాఖ్య నిబంధనల 61వ భాగంలోని 75వ విభాగం ప్రకారం, భారత ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉన్నవ్యక్తి ఆ లైసెన్సు నిజమైనదని భారత అధికారులు ధ్రువీకరించాక, రాతపరీక్ష లేకుండానే అమెరికా ప్రైవేటు పైలట్ ధ్రువపత్రం పొందవచ్చు. వైద్య అర్హత, ఆంగ్ల పరిజ్ఞానం ఉండాలి. విమానాధిపతిగా ఎగరడానికి ముందు అక్కడి బోధకునితో ఫ్లయిట్ రివ్యూ పూర్తిచేయాలి. కాని ఆ ధ్రువపత్రం మీద అది ఏ లైసెన్సు ఆధారంగా ఇచ్చారో సంఖ్యతో సహా రాసి ఉంటుంది. మూల లైసెన్సు రద్దయితే దాని బలమూ పోతుంది. పేరుకు ధ్రువపత్రమే అయినా స్వభావంలో ఇది చెల్లుబాటుకు దగ్గర. అదే భాగంలోని 41వ విభాగం జమకు సంబంధించింది. సభ్యదేశం అధికారమిచ్చిన బోధకుడు అమెరికా వెలుపల ఇచ్చిన శిక్షణను లెక్కకు తీసుకోవచ్చు. అయితే ఆ బోధకుడు ‘ఈ శిక్షణ ఇచ్చాను’ అని మాత్రమే రాయగలడు. పరీక్షకు విద్యార్థి సిద్ధమని చెప్పే అధికారం అమెరికా బోధకునిదే. పరీక్షకు ముందు నిర్ణీత కాలంలో చేయవలసిన 3 గంటల సన్నాహక శిక్షణ కూడా ఆ బోధకుని వద్దనే జరగాలి.

మామిడి ఎగుమతి తెలిసిన ప్రాంతానికి ఈ తర్కం కొత్తది కాదు. బంగినపల్లి పండు ఒకటే. 2006లో జపాన్ భారత మామిడిపై నిషేధం ఎత్తివేసినప్పుడు ఆవిరి వేడి శుద్ధిని షరతుగా పెట్టింది. 2007లో అమెరికా తలుపు తెరిచినప్పుడు వికిరణ శుద్ధిని కోరింది. ఒక దేశానికి చేసిన శుద్ధి మరొక దేశానికి రుజువు కాలేదు. పైలట్ విషయంలోనూ నైపుణ్యం ఒకటే అయినా, దానికి ఏది రుజువన్నది స్వీకరించే దేశమే నిర్ణయిస్తుంది.

4. గంటల లెక్క: ఒకే నలభై, వేర్వేరు నలభైలు

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మొదటి అనుబంధం ప్రైవేటు పైలట్‌కు సాధారణంగా 40 గంటల ప్రయాణ అనుభవాన్ని, అందులో 10 గంటల ఒంటరి ప్రయాణాన్ని కనీసంగా నిర్ణయించింది. భారత, అమెరికా నిబంధనల్లో మొత్తం 40 గంటలే. యూరప్‌లో 45 గంటలు. మొత్తాలు దగ్గరగా ఉండటం వల్ల మార్పిడి సులభమన్న భ్రమ కలుగుతుంది. అసలు తేడా లోపలి విభజనలో ఉంది.

అమెరికాలో 40 గంటల్లో కనీసం 20 గంటలు బోధకునితో, కనీసం 10 గంటలు ఒంటరిగా ఎగరాలి. యూరప్‌లో బోధకునితో 25, ఒంటరిగా 10 గంటలు. భారత విమాన నియమాల రెండవ షెడ్యూలు మాత్రం ఒంటరి ప్రయాణానికి 20 గంటలు కోరుతుంది. అందులో 5 గంటలు దూరప్రయాణం. ఆ దూరప్రయాణాల్లో ఒకటి కనీసం 150 నాటికల్ మైళ్లు ఉండి, రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో పూర్తిగా దిగి ఆగాలి.

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఒక విద్యార్థి అమెరికాలో మొత్తం 42 గంటలు ఎగిరాడనుకొందాం. బోధకునితో 30, ఒంటరిగా 12. అక్కడి కొలతకు ఇది సరిపోతుంది. అంతర్జాతీయ కనీసానికీ సరిపోతుంది. భారత కొలతకు మొత్తం సరిపోయినా ఒంటరి ప్రయాణంలో 8 గంటల లోటు మిగులుతుంది. విద్యార్థి తక్కువ నేర్చుకొన్నాడని దీని అర్థం కాదు. బోధకునితో ఎక్కువ గంటలు గడిపినవాడు కొన్ని విషయాల్లో మెరుగ్గానే ఉండవచ్చు. కాని నియమం కొలిచేది ఆ మెరుగును కాదు. ముందే తెలిసి ఉంటే ఆ 8 గంటలను అక్కడే, అదే విమానంపై, అదే వాతావరణంలో పూర్తిచేసుకొని రావచ్చు.

భారత లైసెన్సుతో యూరప్‌కు వెళ్లేవారి పరిస్థితి వేరు. ప్రత్యేక ద్వైపాక్షిక ఒప్పందం లేని దేశాల ప్రైవేటు లైసెన్సును మార్చడానికి అక్కడి సాధారణ మార్గం 100 గంటల ప్రయాణ అనుభవాన్ని కోరుతుంది. వైమానిక చట్టం, మానవ సామర్థ్యం అన్న రెండు విషయాల్లో పరీక్ష, నైపుణ్య పరీక్ష, వైద్యపత్రం, భాషా ప్రావీణ్యం కూడా ఉండాలి. అంటే 45 గంటల్లో కొత్త విద్యార్థి అందుకొనే చోటికి చేరడానికి, 40 గంటల లైసెన్సు చేతిలో ఉన్నవ్యక్తి మరో 60 గంటల అనుభవం కూడబెట్టాలి. ఇది వింతగా తోచినా దాని వెనుక హేతువుంది. కొత్త విద్యార్థి శిక్షణను ఆ వ్యవస్థ మొదటి నుంచీ చూస్తుంది. బయటి శిక్షణను అది చూడలేదు. చూడనిదానికి ప్రత్యామ్నాయంగా అనుభవాన్ని అడుగుతుంది.

వాణిజ్య లైసెన్సు స్థాయిలో కాలం కూడా లెక్కకు వస్తుంది. భారత నియమాల ప్రకారం అవసరమైన 200 గంటలు దరఖాస్తుకు ముందటి ఐదేళ్లలో ఎగిరినవై ఉండాలి. విమానాధిపతిగా చూపవలసిన 100 గంటల్లో 15 గంటలు చివరి ఆరు నెలల్లోవి కావాలి. శిక్షణను మధ్యలో ఆపి, డబ్బు సమకూరాక కొనసాగించే కుటుంబాలకు ఈ నియమం అసలు పరీక్ష. తొలి గంటలు ఒకవైపు కరిగిపోతుండగా మరోవైపు కొత్త గంటలు చేరుతుంటాయి.

5. గంట అంటే ఏమిటి: లాగ్‌బుక్ సమస్య

గంటల సంఖ్య సరిపోయినా, వాటిని ఏ గడిలో రాశారన్నది మరొక ప్రశ్న. అమెరికా నిబంధనల ప్రకారం లైసెన్సు పొందిన పైలట్, తనకు అర్హత ఉన్న విమానాన్ని తానే నియంత్రిస్తున్నంతసేపు, పక్కన బోధకుడున్నా ఆ కాలాన్ని విమానాధిపతి కాలంగా రాసుకోవచ్చు. అదే గంట శిక్షణ గడిలోనూ పడుతుంది. భారత, యూరప్ లెక్కల్లో బోధకుడు పక్కన ఉన్న గంట శిక్షణ గంటే. అమెరికా లాగ్‌బుక్‌లో విమానాధిపతిగా 110 గంటలు కనబడినా, వాటిలో 30 గంటలు బోధకునితో గడిచినవైతే, భారత లెక్కకు మిగిలేవి 80 మాత్రమే.

ఇటువంటిదే మరొకటి. ఒక పైలట్ కళ్లకు తెరగట్టుకొని పరికరాల ఆధారంగా నడుపుతుంటే, రెండవ పైలట్ రక్షక పైలట్‌గా బయటికి చూస్తుంటాడు. కొన్ని షరతులకు లోబడి ఇద్దరూ ఆ కాలాన్ని విమానాధిపతి కాలంగా రాసుకొనే వీలు అమెరికాలో ఉంది. ఖర్చు పంచుకోవడానికి విద్యార్థులు దీన్ని ఇష్టపడతారు. ఒకే విమానంలో ఒకే గంటకు ఇద్దరు అధిపతులన్న నమోదు ఇతర వ్యవస్థల్లో నిలవడం కష్టం.

కాబట్టి లాగ్‌బుక్‌ను మొదటి రోజు నుంచే రెండు కొలతలకు సరిపోయేలా రాయాలి. ఒంటరి ప్రయాణం, బోధకునితో ప్రయాణం, విమానాధిపతి కాలం, రాత్రి ప్రయాణం, పరికర ప్రయాణం వేర్వేరు గడుల్లో ఉండాలి. బోధకుని పేరుతోపాటు ధ్రువపత్రం సంఖ్య, విమానపు నమోదు గుర్తు, బయలుదేరిన, దిగిన స్థలాలు స్పష్టంగా ఉండాలి. శిక్షణ సంస్థ మూతపడినా, బోధకుడు వేరే ఊరికి వెళ్లిపోయినా, ఆ పుట తనంతట తాను సాక్ష్యం చెప్పగలగాలి.

6. దేశం దాటనివి

కొన్ని అర్హతలు ఏ మార్గంలోనూ వెంట రావు. వాటిలో మొదటిది వైద్యపరీక్ష. అమెరికాలో ప్రైవేటు పైలట్‌కు ఇచ్చే మూడవ తరగతి వైద్యపత్రం భారత రెండవ తరగతి పత్రానికి బదులు కాదు. భారతదేశంలో వాణిజ్య లైసెన్సుకు మొదటి తరగతి కావాలి. రంగుల గుర్తింపు వంటి అంశాల్లో ఒకచోట ఉత్తీర్ణత మరొకచోట హామీ కాదు. అందువల్ల భారతదేశంలో వృత్తి చేయదలచినవారు విదేశీ శిక్షణకు డబ్బు కట్టకముందే ఇక్కడి రెండవ తరగతి, ఆపై మొదటి తరగతి వైద్యపరీక్ష పూర్తిచేసుకోవడం వివేకం. తోట తాకట్టు పెట్టాక తెలిసిన వైద్యలోపానికి విరుగుడు లేదు.

రెండవది ఆ దేశపు వైమానిక చట్టం. ఆకాశ మండలాల విభజన, అనుమతుల తీరు దేశానికొక విధంగా ఉంటాయి కనుక ఈ పరీక్షను ప్రతి మార్పిడిలోనూ ఎదురుచూడాలి. మూడవది రేడియో అర్హత. భారతదేశంలో రేడియో టెలిఫోన్ పరీక్షను చిరకాలం టెలికాం శాఖ నిర్వహించింది. విమానయాన పరీక్షలు ఒక శాఖలో, రేడియో పరీక్ష మరొక శాఖలో ఉండటం విద్యార్థులకు అదనపు నిరీక్షణగా ఉండేది. కొత్త చట్టం ఈ అధికారాన్ని పౌర విమానయాన వ్యవస్థకు అప్పగించింది. నాలుగవది భాష. అంతర్జాతీయ రేడియో సంభాషణకు ఆరు స్థాయుల కొలమానంలో కనీసం నాలుగవ స్థాయి ప్రావీణ్యం కావాలి. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఇది అడ్డుగోడ కానక్కరలేదు. అక్కడ కొలిచేది సాహిత్య పరిజ్ఞానం కాదు. ఉచ్చారణ స్పష్టత, విన్నదానిని వెంటనే గ్రహించడం, అనుకోని పరిస్థితిని మాటల్లో చెప్పగలగడం ప్రధానం. అయితే సాధన లేకుండా ఇవి రావు.

అమెరికాలో శిక్షణకు తగిన వీసా, రవాణా భద్రతా సంస్థ పరిశీలన కూడా ముందే పూర్తికావాలి. ఇంజినీరింగు పట్టా కోసం వెళ్లిన విద్యార్థి ఖాళీ సమయంలో లైసెన్సు శిక్షణ ప్రారంభించాలన్నా ఈ పరిశీలన తప్పదు.

7. నమ్మకమే అసలు సరుకు

ఇన్ని షరతులు ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఇటీవలి చరిత్రలో ఉంది. 2011లో భారతదేశంలో నకిలీ మార్కుల పత్రాలతో కొందరు పైలట్లు లైసెన్సులు పొందినట్లు బయటపడింది. ఎగరని గంటలను ఎగిరినట్లు నమోదు చేసిన ఉదంతమూ అదే కాలంలో రాజస్థాన్‌లో దర్యాప్తుకు వచ్చింది. 2014 జనవరిలో అమెరికా విమానయాన పాలనా సంస్థ భారత పర్యవేక్షణ వ్యవస్థ స్థాయిని రెండవ శ్రేణికి తగ్గించింది. పూసపాటి అశోక్ గజపతిరాజు పౌర విమానయాన మంత్రిగా ఉన్న కాలంలో, 2015 ఏప్రిల్‌లో మొదటి శ్రేణి తిరిగి వచ్చింది. ఆ నిర్ణయం విమాన సంస్థల సేవలకు సంబంధించినదే అయినా, ఒక దేశపు పర్యవేక్షణను మరొక దేశం ఎలా తూకం వేస్తుందో అది చూపింది. 2020లో పాకిస్థాన్‌లో పైలట్ల లైసెన్సులపై అక్కడి మంత్రే సందేహాలు వెల్లడించాక, ఆ దేశ జాతీయ విమాన సంస్థకు యూరప్ అనుమతి నిలిచిపోయింది. 2024 నవంబరు దాకా అది పునరుద్ధరణ కాలేదు. కొందరి అబద్ధపు గంటలకు నిజాయతీగా ఎగిరినవారంతా మూల్యం చెల్లించవలసి వచ్చింది.

ఈ నమ్మకాన్ని పత్రాల స్థాయిలో బలపరచే ప్రయత్నంగా 2025 ఫిబ్రవరిలో పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు పైలట్ల ఎలక్ట్రానిక్ లైసెన్సును ప్రారంభించారు. అధికారిక ధ్రువీకరణ త్వరగా, నమ్మదగినట్లుగా జరిగితే దేశాంతర గుర్తింపులో నిరీక్షణ తగ్గే అవకాశం ఉంది. అది వేగాన్ని పెంచగలదు. గంటల విభజనలోని తేడాను మాత్రం తీర్చలేదు.

8. తెలుగు విద్యార్థి ముందున్న దారులు

ఒక దేశంలో పునాది వేసుకొని, మరొక దేశంలో నిర్దిష్ట భాగాన్ని పూర్తిచేసుకొనే మిశ్రమ మార్గం తెలుగునేలకు పరిచితమే. హైదరాబాదు పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో శిక్షణ పొంది, రెండు ఇంజిన్ల విమానాల శిక్షణను న్యూజిలాండ్‌లో పూర్తిచేశారు. ఆ దశకు తెలంగాణ ప్రభుత్వం ఆర్థిక సాయం అందించింది. ఇక్కడ దేశం దాటించినది మొత్తం శిక్షణను కాదు, ఆదీ అంతమూ ఉన్న ఒక ఖండాన్ని.

దీని నుంచి ఒక సూత్రం తీయవచ్చు. దేశం మారవలసివస్తే పూర్తయిన అంచె దగ్గర మారాలి. ప్రైవేటు లైసెన్సు చేతికి రాకముందు, ముప్పై గంటల దగ్గర మారేవారికి జమ మాత్రమే ఆధారం. లైసెన్సు వచ్చాక మారేవారికి చెల్లుబాటు, మార్పిడి అనే రెండు దారులూ తెరచి ఉంటాయి. మిగిలిన కొద్ది గంటలు పూర్తిచేసి పరీక్ష రాయడానికయ్యే ఖర్చు, సగం శిక్షణను మోసుకెళ్లి మళ్లీ నిరూపించుకొనే ఖర్చుకన్నా తక్కువగానే ఉండే అవకాశం ఎక్కువ.

బయలుదేరే ముందు తేల్చుకోవలసిన ప్రశ్నలు నాలుగు. చివరికి ఏ దేశంలో నమోదైన విమానాన్ని నడపాలి? ఆ దేశపు వైద్యపరీక్షలో ఇప్పుడే ఉత్తీర్ణత సాధ్యమా? చేరబోయే సంస్థకు, అక్కడి బోధకునికి ఆ దేశపు అధికారిక అనుమతి ఉందా? ఎగిరే ప్రతి గంట గమ్య దేశపు ఏ గడిలో పడుతుంది? నిబంధనలు సవరణకు లోనవుతుంటాయి కనుక, దరఖాస్తు చేసే నాటి అధికారిక పాఠాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. శిక్షణ సంస్థ ప్రచారపత్రాన్ని కాదు.

9. ముగింపు

షికాగో ఒడంబడిక దేశాలమధ్య ఒక కనీస కొలతను నెలకొల్పింది. ఒక పౌరుడు తన సొంత దేశంలో పరదేశపు లైసెన్సును హక్కుగా చెల్లించుకొనే వీలును మాత్రం ఇవ్వలేదు. చెల్లుబాటు తాత్కాలికం, మార్పిడి స్వతంత్రం, జమ అనిశ్చితం. ఈ మూడింటినీ ఒకే మాటతో పిలవడం వల్లనే విద్యార్థులు ఒకదానికి ఇచ్చిన హామీని మరొకదానికి అన్వయించుకొంటున్నారు. తెలుగులో వీటికి వేర్వేరు పదాలు స్థిరపడితే సలహాలోనూ ఒప్పందంలోనూ స్పష్టత పెరుగుతుంది. ప్రాథమిక నైపుణ్యంలో నూజివీడు ఆకాశానికీ అరిజోనా ఆకాశానికీ పెద్ద భేదం లేదు. భేదమంతా దానిని రుజువు చేసే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిని ముందే చదివి బయలుదేరిన విద్యార్థికి ఎగిరిన గంట వృథా కాదు, దాని కోసం తాకట్టుపడిన తోటకూ ఫలితం దక్కుతుంది.